అక్కయమ్మ రెండో నోరు

రింగురోడ్డు పడ్డాక మారతహళ్ళిలో రాగి చేలన్నీ మేడలైపోయాయి. మునినారాయణప్ప చేను కూడా మూడంతస్తుల మేడయింది. కింద వాళ్ళ కాపురం, పైన రెండంతస్తుల్లో అద్దెకున్న సాఫ్ట్‌వేరు పిల్లలు. ఇంటి యజమాని మునినారాయణప్ప అని కరెంటు బిల్లు మీద రాసి ఉండేది. కరెంటు బిల్లుకేం తెలుసు? యజమాని అక్కయమ్మ.

దేవుడు అక్కయమ్మకు మంచి నోరిచ్చాడు, దాన్ని మించిన ముక్కిచ్చాడు. మెట్ల మీద నిలబడి ఒక్కసారి గాలి పీల్చిందంటే పై అంతస్తులో ఎవరు చేపలు వేయించారో, ఎవరు వారం నుంచి సాక్సులు ఉతకలేదో చెప్పేసేది. చెప్పి ఊరుకునేది కాదు. "ఏమప్పా, ఇంజనీరు చదివినావంట, సబ్బు చదవలేదా?" అని వీధికి వినబడేలా అడిగేది. గడప దాటాలంటే గేటు పక్క కొళాయి దగ్గర ఎవరైనా కాళ్ళు కడుక్కోవాల్సిందే. మడమ తడవలేదని అనుమానమొస్తే వెనక్కి పంపేది. ఆడపడుచు రత్నమ్మయితే పుట్టింటికి వచ్చిన ప్రతిసారీ రెండేసి సార్లు కడుక్కునేది.

కోడలు గీతాంజలిది అనంతపురం. బ్యాంకులో ఉద్యోగం. నెలకు మూడు రోజులు ఆమెకు వరండాలో చాప, విడిగా ఒక చెంబు, ఒక కంచం. పగలంతా ఊరి జనం చేతులు తాకిన నోట్లు లెక్కపెట్టి వచ్చిన మనిషి, సాయంత్రం వరండాలో కూర్చుని అత్త దూరంనుంచి జార్చిన ముద్ద తినేది. ఇది అన్యాయమని కొడుకు దేవరాజ్‌కు తెలుసు. తెలుసు కాబట్టే ఆ మూడు రోజులూ ఆఫీసులో పని ఎక్కువగా ఉందని ఆలస్యంగా వచ్చేవాడు.

అటువంటి అక్కయమ్మకు యాభై ఏడో ఏట జబ్బు చేసింది. చేస్తే చేసింది, రాకూడని చోట వచ్చింది. గుండెకు రావచ్చు కదా అని తర్వాత ఆమె దేవుణ్ణి చాలాసార్లు నిలదీసింది. గుండెజబ్బంటే ఎంత మర్యాద! పెళ్ళిళ్ళలో చెప్పుకోవచ్చు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఎదమీద చెయ్యేసుకుని కూర్చోవచ్చు. ఇది ఎవరికి చెప్పుకోవాలి? రక్తం పడుతుంటే మొలలనుకుంది. హొసకోటెనుంచి తెప్పించిన ఆకుపసరు ఏడాది పాటు తాగింది. మొగుడికి కూడా చెప్పలేదు. వాళ్ళ కాపురంలో ఆ భాగం పేరు ఎన్నడూ పలికిన పాపాన పోలేదు. ఒకరోజు బాత్రూము గుమ్మంలో కళ్ళు తిరిగి పడిపోతే, గీతాంజలి ఎత్తి ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకుపోయింది.

పరీక్షలన్నీ అయ్యాక పెద్ద డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. కాన్సరు గడ్డ పేగు చిట్టచివర ఉంది. చివరి భాగం మొత్తం తీసేయాలి. కింది దారి కుట్టేయాలి. పైన మిగిలిన పేగు కొసను పొట్టమీదికి తెచ్చి అక్కడ దారి చేయాలి. దానికొక సంచి తగిలించుకోవాలి.

"ఎన్ని దినాలు?" అంది అక్కయమ్మ.

"ఎప్పటికీనమ్మా."

అక్కయమ్మ బొమ్మ వంక చాలాసేపు చూసింది. "దానికి తలుపు ఉంటాదా?"

"ఉండదమ్మా. వచ్చినప్పుడు వస్తుంది. మన చేతిలో ఉండదు."

"మరి దేవుడి గదిలోకి పోవచ్చునా?"

బతుకుతానా అని అడిగినవాళ్ళను ఆ డాక్టరు చూశాడు. ఏడ్చినవాళ్ళను చూశాడు. ఈ ప్రశ్న మాత్రం అతనికి కొత్త. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "అది నా డిపార్ట్‌మెంటు కాదమ్మా" అన్నాడు.

ఆపరేషనయింది. మెలకువ వచ్చినప్పటినుంచీ అక్కయమ్మ కళ్ళు పైకప్పును వదల్లేదు. ఎక్కడ కిందికి దించితే పొట్ట కనిపిస్తుందోనని, గంజి తాగించినా పైకప్పును చూస్తూనే తాగింది. సంచుల సంగతి చూసే నర్సు రంజిత కోలారు పిల్ల. రోజూ వచ్చి శుభ్రం చేసి కొత్త సంచి పెట్టేది.

"ఒక్కసారి చూడండి ఆంటీ. ఎర్రగా గులాబీ మొగ్గ మాదిరి ఉండాది."

"గులాబీ ఐతే తుంచుకొనిపోయి నీ తల్లో పెట్టుకో పో."

ఇలాంటివి రంజిత చాలా విన్నది. నవ్వి, దుప్పటి కప్పి, మర్నాడు మళ్ళీ వచ్చి అదే మాట చెప్పేది. అక్కయమ్మ కూడా మర్నాడు మళ్ళీ తిట్టేది.

ఒక సాయంత్రం అక్కయమ్మ ఉన్నట్టుండి అడిగింది. "తీసిన దాన్ని ఏం చేసినారు?"

"కాల్చేస్తారు ఆంటీ."

"నాకు ఒక మాట చెప్పకుండానే?"

అక్కయమ్మ మొగుడి వైపు తిరిగింది. మునినారాయణప్ప ఎప్పటిలాగే పేపరు వెనకాల ఉన్నాడు. అతను సగం కాపురం పేపరు వెనకాలే చేశాడు.

"ఏమయ్యా, నాది కాల్చేసినారంట. సూతకం పట్టాల్నా?"

పేపరు కొంచెం కిందికి దిగింది. "పుట్టినకాడి నుంచి నీతోనే ఉండె కదా," అన్నాడు మునినారాయణప్ప ఆలోచించి. "ఒక పూట పట్టు."

ఆ మనిషి జన్మలో వేసిన మొదటి జోకు అదేనేమో. అక్కయమ్మ నవ్వబోయి ఏడ్చింది. కుట్లు నొప్పి పెడుతున్నాయనుకుని రంజిత సూది మందు తేవడానికి పరిగెత్తింది. నొప్పి కుట్లది కాదు. ఎన్నడూ పేరు పెట్టి పిలవని, ఒంట్లో అన్నిటికన్నా నీచమని తను చూసిన ఆ ముక్క గురించి ఆమె ఏడుస్తోంది. పెళ్ళిళ్ళలో, తిరుపతి బస్సుల్లో, చుట్టాలిళ్ళల్లో, ఇంటికొచ్చి తన సొంత బాత్రూములో కాలు పెట్టేదాకా అది ఓపిగ్గా ఆగేది. ఆమె సంసారంలో అంతగా చెప్పిన మాట విన్నది ఇంకొకటి లేదు.

ఇంటికొచ్చాక పరామర్శలు మొదలయ్యాయి. వచ్చినవాళ్ళందరూ కాళ్ళు కడుక్కోకుండానే లోపలికొచ్చారు. అరవడానికి అక్కయమ్మకు ఓపిక లేదని వాళ్ళకు తెలుసు. కుర్చీల్లో కూర్చుని ఆమె మొహం చూసి మాట్లాడుతున్నట్టే ఉండేవాళ్ళు. చూపులు మాత్రం జారి జారి చీర కుచ్చిళ్ళ దగ్గరికి పోయేవి. పోయేముందు మునినారాయణప్పను గేటు దగ్గర ఆపి, "ఐతే అది ఎట్ల వస్తాదప్పా?" అని గుసగుసగా అడిగేవాళ్ళు. మునినారాయణప్ప "మీకెట్ల వస్తాదో అట్లనే, కొంచెం పైన" అని చెప్పి పంపేవాడు.

రత్నమ్మ కమలాపండ్లు తెచ్చింది. వాకిలి పక్కన కుర్చీ వేసుకుని, ఇంకా ఏ వాసనా రాకముందే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "ఎంత శుభ్రంగా ఉండేదానివి వదినా, నీకా ఇట్లా అయ్యేది!" అని ఏడ్చింది. ఏడుపు నిజమే. లోపల కొంచెం పండగ కూడా ఉన్నట్టు అక్కయమ్మ ముక్కుకు తెలిసింది.

కొడుకు దేవరాజ్ తల్లి గదిలోకి రావాలంటే భయపడేవాడు. ప్రేమ లేక కాదు. దాని బదులు బజారుకు పోయి సువాసన డబ్బాలు తెచ్చాడు. మల్లె, నిమ్మ, గంధం, గదికొకటి. ఆ ఇల్లు పెళ్ళి సత్రంలా వాసన కొట్టేది. ఎవరైనా గుప్పున ఆ డబ్బా నొక్కినప్పుడల్లా, తన దగ్గర వాసన వస్తోందని వాళ్ళు చెప్పకుండా చెప్పినట్టే అక్కయమ్మకు అనిపించేది. రోజుకు రెండు చీరలు మార్చేది. పండుకుని తన గాలే తను పీల్చి చూసుకునేది. ఎదుటివాళ్ళ వాసన పట్టడం ఎంత సుఖమైన పనో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

అన్నిటికన్నా కష్టం ఇంకొకటి. పోయిన ముక్క పిలిచేది. మధ్యాహ్నం అన్నం తిని కూర్చుంటే, కింద ఎప్పటిలాగే అర్జెంటు అనిపించేది. లేచి బాత్రూముకు పోయి కూర్చునేది. కుట్టేసిన దారి. ఏమొస్తుంది? లేదని తెలిసి కూడా ఆశగా కూర్చునేది. కాలు తీసేసినవాళ్ళకు లేని కాలు నొప్పి పుడుతుంది కదా, ఇదీ అంతే అని రంజిత ఫోనులో చెప్పింది. చచ్చినవాళ్ళు కలలోకొస్తారని అక్కయమ్మ విన్నది. ఇది పట్టపగలే వస్తోంది.

సంచి మార్చే పని గీతాంజలి మీద పడింది. మొగుడికి చేతకాదు, కొడుక్కి కళ్ళు తిరుగుతాయి. గీతాంజలి బ్యాంకుకు పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి చూసేది. మెత్తగా మాట్లాడేది కాదు, విసుక్కునేదీ కాదు. కౌంటర్లో కూర్చుని పని చేసినట్టు చేసేది. ఆ కొంచెంసేపూ అక్కయమ్మ మొహం గోడవైపు తిప్పుకునేది.

ఒక ఆదివారం మొగుడూ, కొడుకూ ఏదో పెళ్ళికి పోయారు. అక్కయమ్మ మంచంమీద ఉంది. పొట్టమీద వెచ్చగా ఏదో కదిలింది. సంచి అంచు ఊడుతోంది.

"గీతా! ఓ గీతాంజలీ! రా ఇట్ల, ఊడొస్తా ఉండాది!"

"నేను రాకూడదు కదత్తా." గొంతు వరండాలోంచి వచ్చింది. "బయట ఉన్నాను."

అక్కయమ్మకు ఒక క్షణం అర్థం కాలేదు. జబ్బులో పడి ఆ లెక్కే మరిచిపోయింది. గీతాంజలి మరవలేదు. ఎప్పుడు తీసిందో ఏమో, చాప తీసి పరుచుకుని కూర్చుంది.

"ఆటలాడతా ఉండావా?"

"లేదత్తా. పెళ్ళయినప్పటినుంచీ మీరు చెప్పిందే చేస్తున్నా. ఎల్లుండి తలస్నానం చేసి వస్తాను."

"నా ఒళ్ళంతా మైలే కదే ఇప్పుడు!"

"మైలకు మైల తగిలితే ఏమవుతుందో నాకు తెలీదు. ఆ రూల్సన్నీ మీకే తెలుసు."

అక్కయమ్మ తిట్టింది. అనంతపురాన్ని తిట్టింది, బ్యాంకును తిట్టింది, కోడలిని కన్నవాళ్ళను తిట్టింది. ఆ మూడు రోజులూ గీతాంజలి చేతిలో వారపత్రిక ఉంటుందని అక్కయమ్మకు తెలుసు. పేజీ తిప్పిన చప్పుడు మాత్రం రాలేదు.

ఇక తప్పలేదు. సంచిని చేత్తో అదిమి పట్టుకుని గోడ పట్టుకుంటూ బాత్రూముకు పోయింది. అద్దం ముందు నిలబడి చీర పక్కకు తీసింది. పైకప్పు చూసే అవకాశం లేదిక్కడ. సంచి పీకేసి, కళ్ళు తెరిచి, కిందికి చూసింది.

గులాబీ కాదు, మొగ్గా కాదు. ఎర్రగా, తడిగా, నాలుక మాదిరి ఉంది. కొంచెం కొంచెంగా కదులుతోంది. ఎవరో కడుపులోంచి నాలుక బయటపెట్టి వెక్కిరిస్తున్నట్టుంది. వేలితో ముట్టుకుంది. నొప్పి లేదు. అసలేమీ తెలియలేదు. "ఇంతేనా నువ్వు," అంది పైకే. ఇన్ని వారాలుగా ఇంటిల్లిపాదినీ హడలగొట్టింది ఇదా? కోడిపిల్ల తలంత లేదు.

వేణ్ణీళ్ళతో కడిగింది. గుడ్డతో అద్దింది. సంచిని చర్మానికి అంటించే అట్ట మీద రంధ్రం కత్తిరించడం మొదటిసారి వంకరపోయింది. రెండోసారి గుండ్రంగా వచ్చింది. పని చేతిలోకి వచ్చాక అక్కయమ్మ అక్కయమ్మ అయింది. చర్మం చుట్టూ చూసుకుంటే నల్లగా పాత జిగురు కనిపించింది. ఎన్నాళ్ళనుంచి ఉందో! బాత్రూములోంచి ఇల్లు అదిరేలా కేకేసింది.

"ఇన్ని దినాలూ అంచుల్లో జిగురు ఒదిలేస్తా ఉండావే, గలీజుదానా!"

వరండాలో గీతాంజలి పకపకా నవ్వింది. ఆ ఇంట్లో ఆమె అంత గట్టిగా నవ్వగా అక్కయమ్మ వినడం అదే మొదలు.

"నవ్వు చాల్లే. లోపలికొచ్చి చూడు, ఎట్ల చేయాల్నో."

"నేను బయట..."

"చాప ఎత్తేసి రమ్మంటా ఉండా కదా!"

గీతాంజలి వచ్చింది. క్షమించమని ఇద్దరిలో ఎవరూ అనలేదు. వాళ్ళకు ఆ అలవాటు లేదు. చాప మిద్దె మీదికి పోయింది, వడియాలు ఎండబెట్టుకోవడానికి.

అప్పటినుంచి అక్కయమ్మ తన పని తనే చేసుకుంది. అంతటితో దుఃఖం తీరిందని కాదు. కొన్ని ఉదయాలు లేవగానే చెయ్యి పొట్టమీదికి పోయి, సంచి తగిలి, అంతా మళ్ళీ కొత్తగా గుర్తొచ్చేది. ఆ పూట ఎవరు కనిపిస్తే వాళ్ళకు తిట్లు పడేవి. దేవుడి గది సంగతి మాత్రం తనే తేల్చేసుకుంది. ఒకరోజు స్నానం చేసి తిన్నగా లోపలికి పోయి దీపం పెట్టింది. ఏమీ కూలలేదు. దేవరాజ్ తెచ్చిన సువాసన డబ్బాలన్నీ పై అంతస్తు సాఫ్ట్‌వేరు పిల్లలకు పంచేసింది. వాళ్ళ అవసరం ఎక్కువని చెప్పింది.

మరుసటి ఏడు రత్నమ్మ, ఆమె మొగుడు ఆవులప్ప సర్జాపుర రోడ్డులో అపార్టుమెంటు కొన్నారు. పేరులోనే ఇటలీ ఉన్న అపార్టుమెంటు. గృహప్రవేశానికి పిలవడానికి రత్నమ్మ వచ్చి, కుంకుమ పెట్టి, గొంతు తగ్గించింది.

"వదినా, నువ్వు భోజనం టయానికి వస్తే చాలు. పూజలో కూర్చుండేది నీకూ కష్టం. అయ్యవారు కూడా ఏమంటాడో... శుభమా అని చేసుకుంటా ఉండాం కదా."

"అట్లనే రత్నమ్మా," అంది అక్కయమ్మ. మర్నాడు పూజకు గంట ముందే ఇస్త్రీ పట్టుచీర కట్టుకుని, మొగుణ్ణీ కోడలినీ వెంటబెట్టుకుని ఐదో అంతస్తులో దిగింది.

రత్నమ్మ మొహం మాడిపోయింది. నలుగురిలో పొమ్మనలేకపోయింది. బయట లిఫ్టు పక్కన గాలి బాగా వస్తుందని ప్లాస్టిక్ కుర్చీ వేయించింది. అక్కయమ్మ కూర్చుంది. అక్కడినుంచి తలుపులోగుండా పీటలు, పురోహితుడి వీపు కనిపిస్తున్నాయి.

గృహప్రవేశానికి ఆవు కావాలి. ఐదో అంతస్తుకు ఆవు ఎక్కదు. ఆవులప్ప ఎవరినో బతిమాలి ఒక దూడను సామాన్ల లిఫ్టులో ఎక్కించి తెచ్చాడు. లిఫ్టు కుదుపుకు బెదిరిందో ఏమో, దూడ గుమ్మం దాటగానే కొత్త చలువరాయి మీద భేషుగ్గా పేడ వేసింది. అందరూ ఆహా అన్నారు. "లక్ష్మి వచ్చేసింది!" అన్నాడు ఆవులప్ప. రత్నమ్మ ఒంగి దానికి పసుపు, కుంకుమ వేసి దణ్ణం పెట్టింది. ఎవరో ఫోటో తీశారు.

తర్వాత జనం సర్దుకున్నారు. పురోహితుడు సంకల్పానికి నీళ్ళు చేతిలో పోసి, గోత్రం చెప్పమన్నాడు. అంతా నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడే అక్కయమ్మ పొట్టమీది నోరు మాట్లాడింది. చిన్న మాట కాదు. మొదలు పెట్టి, సాగదీసి, తీరిగ్గా ముగించింది.

తలలన్నీ తిరిగాయి. రత్నమ్మ కొంగు ముక్కు మీదికి పోయింది. అక్కయమ్మ చెవులు వేడెక్కాయి. లిఫ్టు తలుపు తెరుచుకుంటే అందులోకి దూరి పాతాళానికి పోవాలనిపించింది. పక్కన గీతాంజలి లేవబోయింది. అక్కయమ్మ ఆమె మోకాలి మీద చెయ్యేసి ఆపి, తనే లేచి నిలబడింది.

"ఏం చూస్తా ఉండారు? నేనే. దానికి తలుపు లేదు, ఆపేదానికి నా చేతిలో లేదు." గుమ్మం వైపు వేలు చూపింది. "దూడ నేలమీద ఏస్తే దణ్ణం పెడితిరి. నేను మూసి, కట్టి, సంచిలో ఏసుకొని వస్తి. మా ఇద్దర్లో ఎవురు శుభ్రం? చెప్పు రత్నమ్మా."

కుర్ర పురోహితుడు పెదవులు బిగించి నేలచూపులు చూశాడు. అతని భుజాలు కదులుతున్నాయి. సంకల్పం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోవాల్సి వచ్చింది. మునినారాయణప్ప చేతిలో పేపరు లేదు కాబట్టి దాక్కోలేక, అందరి ముందూ పగలబడి నవ్వాడు.

అక్కయమ్మ అందరి మధ్యలోంచి నడిచి, రత్నమ్మ కొత్త బాత్రూములోకి పోయి గడియ పెట్టుకుంది. ఆ ఇంట్లో దాన్ని మొదట వాడింది ఆమే. గోడకానుకుని కాసేపు ఏడ్చింది. మొహం కడుక్కుంది. సంచి ఖాళీ చేసి, అంచులు చూసుకుని, బయటికొచ్చి, ఒబ్బట్లు అడిగి మరీ వడ్డించుకుని తిన్నది. ఆ తర్వాత చాలా నెలలు రత్నమ్మ రాకపోకలు మానేసింది. జబ్బువల్ల తనకు కలిగిన లాభాల్లో దాన్ని కూడా ఒకటిగా అక్కయమ్మ జమకట్టుకుంది.

ఈ కథ రంజితకు ఎట్లా చేరిందో, ఒకరోజు ఫోను చేసింది. ఇదే ఆపరేషను చేయించుకోవాల్సిన మనిషి ఒకాయన వార్డులో గోడవైపు తిరిగి పడుకున్నాడట. డాక్టరు చెప్పినా వినడం లేదట. ఒకసారి వచ్చి మాట్లాడతారా అని అడిగింది.

"నువ్వు గులాబీ అని చెప్పుంటావు. అందుకే గోడకు తిరిగినాడు," అంది అక్కయమ్మ. కానీ పోయింది.

ఆ మనిషి వెంకటగిరియప్ప, కాంట్రాక్టరు. పెద్ద మీసం. ఆమె మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ముందుగా అతని దుప్పటి మీద మరకను చూపించి ఆయాను పిలిచి మార్పించింది. తర్వాత మొదలు పెట్టింది.

"ఇట్ల తిరుగప్పా. నాకుండాది. ఇదో, చీర కింద. నీకు కనిపిస్తా ఉండాదా?"

అతను తిరిగి చూశాడు. లేదన్నట్టు తల ఊపాడు.

"వాసన?"

అతను మొహమాటపడి గాలి పీల్చాడు. "లేదక్కా."

"నా ముక్కుకే రాదు, నీకేడొస్తాది?"

వెంకటగిరియప్ప దుప్పటి అంచు సర్దుకున్నాడు. "సిగ్గు పోతాదా అక్కా?" అని అడిగాడు చివరికి.

పోతుందని చెప్పమని వెనకనుంచి రంజిత కళ్ళతో సైగ చేసింది. అక్కయమ్మ ఆ సైగను పట్టించుకోలేదు.

"పోదు. పొద్దున్నే లేస్తానే ఉంటాది. పనిలో పడితే మర్చిపోతాం. మళ్ళీ ఎవుడో ఒకడు గుర్తు చేస్తాడు. వానికి నాలుగు తగిలిస్తే ఆ దినం బాగుంటాది."

అతని మీసం కింద ఏదో కదిలింది. "రాగిముద్ద తినచ్చునా?"

"ముద్ద తిను, అన్నం తిను. ముల్లంగి పులుసు ఒక్కటి జాగర్త. గాలి బాగా చేస్తాది. ఎవురింట్లోనన్నా మర్యాద చేయకపోతే, వాళ్ళింటికి పోయే దినం తిని పో."

వెంకటగిరియప్ప నవ్వితే పొట్ట నొప్పి పుట్టింది. రెండు చేతులతో పట్టుకుని, ఆపుకోలేక ఇంకా నవ్వాడు. అక్కయమ్మ లేచింది. పక్క మంచం మీద ఆపరేషనయిన ఒకావిడ సంచి పక్కకు ఒరిగి ఉండటం అప్పటికే ఆమె కంట పడింది.

"ఎవురమ్మా నీకిది పెట్టింది?" అంటూ అటు నడిచింది. రంజిత చేతులు వెనక్కి పెట్టుకుంది.